పక్క వేరుగా

ఆగస్టు 4, సోమవారం

తమ్ముడికి,

ఈ రోజు అయిన పనులు: దుప్పట్లు, గలీబులు ఉతకడం. పరుపు ఎండకెత్తి, మచ్చ పడినచోట సోడాపొడి చల్లి రుద్దడం. రెండు పూటలా వంట. వారానికి సరిపడా మందులు డబ్బాలో సర్దడం. మీ బావ చొక్కాకు గుండీలు. మిగిలిపోయినది నీకు ఉత్తరం. అది ఇప్పుడు రాస్తున్నాను.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. మా ఇంట్లో ఎవరి ఫోనైనా ప్లీడరు వేలికే ముందు తెరుచుకుంటుంది. నీ మేనకోడలికి ఇరవై నాలుగేళ్ళు వచ్చాయి, ప్రెస్సులో కూర్చుని నలుగురి అచ్చుతప్పులు దిద్దుతోంది, అయినా చిన్నప్పుడు మనం పెట్టిన ఆ ప్లీడరు పేరును ఒక్క రోజు కూడా చెడగొట్టలేదు. నీకు నేనేం పంపినా నాకంటే ముందు చదివి, “మళ్ళీ నా గురించేనా” అని వాదనకు దిగుతుంది. అందుకని కాగితం.

మీ పరిశోధన కేంద్రం కుర్రాళ్ళు పోయిన నెల వచ్చి దాని పరుపు కింద పలచటి చాపలాంటి యంత్రం పెట్టారు, చేతికి పట్టీ కట్టారు, గోడకు చిన్న మైకు తగిలించారు. తుడిచిన నేల మీద బూట్లతో నడిచారు. ఒకడు దాని మంచం మీదే కూర్చుని ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడాడు. అంతకుముందు మీ దగ్గర తలకు తీగలు అంటించినప్పటి జిగురు ఎన్ని తలస్నానాలు చేయించినా పోలేదు. దువ్వెనలో ఇరుక్కున్న ఆ తెల్ల ముద్దలు తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు ముద్ద దిగదు.

ఇదంతా ఎందుకని నిన్ను అడిగితే, మూర్ఛ బాగా ముదిరినవాళ్ళలో కొందరు ఫిట్స్ వచ్చిన కాసేపటికి నిద్రలోనే పోతారనీ, ఎవరికి ఆ ప్రమాదం ఉందో ముందే కనిపెట్టడానికేననీ నువ్వు తాపీగా చెప్పావు. అది వినకముందు నాకు మూర్ఛంటే పడిపోవడం, దెబ్బ తగలడం, నాలుక కరుచుకోవడం. ఇప్పుడు మా రెండు మంచాలూ కలిపేసి, ఒకే పరుపు మీద పడుకుని, దాని వీపు మీద చెయ్యి వేసి ఊపిరి చూసుకుంటున్నాను. అది చెయ్యి తోసేస్తుంది. నేను మళ్ళీ వేస్తాను.

ఆ రికార్డులు చదివేవాడివి నువ్వు. దాని సంగతి ఎలా ఉంది? నాకు కావలసింది ఆ ఒక్క మాట.

ఉంటాను.
అక్క

*

ఆగస్టు 13

అక్కకు,

నీ మరదలు పుట్టింటికి వెళ్ళింది. నా వంట నేనే తింటున్నాను. పరిశోధన చేయవలసినవాళ్ళు నా కడుపు మీద చేస్తే మంచి ఫలితాలు వస్తాయి.

మా కుర్రాళ్ళ బూట్ల సంగతి చెప్పాను. క్షమించమన్నారు. ఆ మంచం మీద కూర్చున్నవాడు మాత్రం అప్పటికే ఉద్యోగం మానేశాడు, కాబట్టి వాడిని నువ్వు హాయిగా తిట్టుకోవచ్చు.

నా పని నీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. చల్లటి గదిలో తెర ముందు కూర్చుంటాను. రాత్రి ఎవరికైనా ఫిట్స్ వస్తే తెర మీది గీతలన్నీ అడవిలా అయిపోతాయి. అవి ఆగాక ఊపిరి ఎప్పుడు మొదలైందో, మధ్యలో ఎక్కడ ఆగిందో గుర్తులు పెట్టడం నా పని. పేర్లు తీసేసి నంబర్లు పెడతారు. కానీ మీ ఇంటి ఫ్యాను కిర్రుమనడం నేను గుర్తుపట్టనా?

ఈ ఒక్క మాట చెప్పి ఆపేస్తాను, ఎందుకంటే ఇంతకంటే చెప్పకూడదు. మా పెద్ద డాక్టరు పోయిన వారం నా వెనక నిలబడి చూసి, దానిది చాలా మంచి కేసు అన్నారు. ఆయన నోట ఆ మాట తేలిగ్గా రాదు.

ఇబ్బంది ఒకటే. చాప మీద ఇద్దరు పడుకుంటే ఇద్దరి ఊపిరీ కలిసిపోతోంది. ఏది నీదో ఏది దానిదో తేల్చలేక తల పట్టుకుంటున్నాను. ఇకమీదట పక్క వేరుగా వేసుకో. పని శుభ్రంగా జరుగుతుంది.

బావకు నమస్కారాలు.
తమ్ముడు

*

ఆగస్టు 20

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి, మళ్ళీ చదివి, మీ బావకు వినిపించాను. “మంచి కేసు అంటే పాసైనట్టేగా” అన్నారు. అంతే మరి అన్నాను. చాలా రోజుల తర్వాత ఆ పూట ఇద్దరం కడుపునిండా తిన్నాం.

నువ్వు చెప్పినట్టే ఆ రోజే పక్క మార్చేశాను. నా మంచం ముందుగదిలోకి వచ్చింది. ప్లీడరు గుమ్మంలో నిలబడి మంచం దాటేదాకా చూసి తలుపు మూసింది. కాసేపటికి లోపలినుంచి పాట. దానికి వాదించడం తప్ప పాడటం కూడా వచ్చని నాకు తెలియదు. పొద్దున లేచి, “అమ్మా, మనిషికి గదిలో ఒక్కరే ఉంటే ఇంత చోటు ఉంటుందా” అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

నాకు మాత్రం ఇన్నేళ్ళకు మళ్ళీ మీ బావ గురక పక్కన నిద్ర. పైగా తలకు ఆ వాసన నూనె. ఆ సుఖం రాసేది కాదు, పగవాళ్ళకు కూడా వద్దు.

మీ పెద్ద డాక్టరు గారికి నా తరఫున ఒక నమస్కారం పెట్టు.

అక్క

*

సెప్టెంబరు 9

అక్కా,

నిన్న ఫోను చేస్తే “అంతా బాగానే ఉంది” అని పెట్టేశావు. ఏమీ బాగా లేదు.

నిన్న నా తెర మీదికి వచ్చింది పోయిన వారం రాత్రిది. ఫ్యాను కిర్రుమంటోంది. ఫిట్స్ వచ్చాయి, ఆగాయి. ఇదివరకైతే ఆ తర్వాత నీ గొంతు వినిపించేది. “ఇటు తిరుగు తల్లీ, ఇటు” అంటావు, పరుపు కదులుతుంది, ఊపిరి అందుకుంటుంది. ఈసారి నీ గొంతు లేదు. నేను కుర్చీలోంచి లేచాను. అయిపోయిన రాత్రికి లేచి ఏం చేస్తాను? చివరికి దానంతట అదే ఊపిరి తీసుకుంది.

ఎక్కడికి వెళ్ళావు నువ్వు? నీ ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. ముందుగది అని రాశావు. అప్పుడు నవ్వుకుంటూ చదివాను గాని ఆ మాట నా బుర్రకు ఎక్కలేదు. పక్క వేరుగా అంటే అదే గదిలో ఇంకో మంచం వేసుకోమని. గది ఖాళీ చేసి పొమ్మని కాదు. తెలిసినదానివి, ఇంత సంగతి అర్థం కాలేదా?

ఈ రాత్రికే మంచం వెనక్కి జరుపు.

తమ్ముడు

*

సెప్టెంబరు 15

తమ్ముడికి,

నీ ఉత్తరం అందిన రోజునే జవాబు రాయబోయాను. రెండు ముక్కలు రాసి కాగితం మడిచి పెట్టాను. నిన్న మీ కేంద్రంలో ఇంటివాళ్ళ మీటింగు అయ్యేదాకా ఆగాను. ఇప్పుడు భయం లేదు. రోతే ఉంది.

ముందు నీ ప్రశ్నకు. నీ మాట విని ముందుగదికి వెళ్ళాను. నువ్వు తెర మీద చూసిన ఆ రాత్రి తెల్లవారి తలుపు తోసేసరికి బోర్లా పడుకుని ఉంది, ముఖం సగం దిండులో. చెంప మీద నురగ, రక్తం ఎండిపోయి ఉన్నాయి. పరుపంతా తడి. వెల్లకిలా తిప్పబోతే కళ్ళు తెరిచి, “తలుపు కొట్టి రావాలి కదమ్మా” అంది. నేను గోడకు ఆనుకుని నిలబడి, సరే, ఇకమీదట కొడతాను అన్నాను. నీ ఫోను వచ్చినప్పుడు నా ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది. బాగానే ఉందని కాక ఏమనాలి?

పక్క అంటే మంచమట. పక్కన పడుకోవద్దంటే ఏ తల్లైనా ఏమనుకుంటుంది? మంచం అని ఒక్క మాట రాస్తే నీ సిరా ఒలికిపోయేదా? పైగా తెలిసినదాన్ని అని ఎత్తిపొడుపు. తెలిసినదాన్ని కాబట్టే, మంచి కేసు అన్నావు గనక లేచి వెళ్ళాను.

ఇక ఆ మంచి కేసు సంగతి. మీటింగుకు పేషెంట్లు రానక్కరలేదు, ఇంటివాళ్ళు చాలు అన్నారు. పెద్ద హాలు, ముదురు తెరలు, చలి. మీ పెద్ద డాక్టరు కళ్ళజోడు తుడుచుకుంటూ గోడ మీద గీతలు చూపించారు. ఒక కుర్రవాడి ఆఖరి రాత్రి అది. ఫిట్స్ ఇక్కడ ఆగాయి అన్నారు. ఊపిరి ఇక్కడ, ఇక్కడ, ఇంకొకటి ఇక్కడ అన్నారు. తర్వాత గీత చదునుగా పోయింది. “మాకు ఇంతవరకు దొరికినవాటిలో ఇంత మంచి కేసు ఇంకొకటి లేదు” అన్నారు. ఆ గొంతులో ప్రేమ ఉంది, తమ్ముడూ. అది నేను ఎన్నటికీ మరిచిపోను. ఆ కుర్రవాడి తల్లి ముందు వరసలోనే ఉంది. బహుమతి తీసుకోవడానికి పిలిచినట్టు తల ఊపింది. సరిగ్గా అప్పుడే బిస్కెట్ల పళ్ళెం మా వరసకు వచ్చింది. ముందు ఆమె దగ్గరికే వెళ్ళినట్టుంది, ఒకటి చేతిలో పట్టుకుని ఉంది. తినలేదు, పెట్టెయ్యలేదు.

నువ్వు రాసిన మాట అక్కడ, ఆ గోడ మీద, నాకు అర్థమైంది. బయటికి పరిగెత్తి బాత్రూంలో కక్కుకున్నాను. ఆ తల్లి నా వెనకే వచ్చి వీపు నిమిరింది. ఇలాంటి చోటికి ఎలా వస్తున్నారండీ అని అడిగేశాను. “మావాడి ఊపిరి ఆ గోడ మీద ఇంకా కదులుతుంటుంది కదండీ. ఎప్పుడు చూపిస్తారా అని వస్తాను” అంది. ఆమెను అసహ్యించుకోవడం నావల్ల కాలేదు. మిగతా అందర్నీ అసహ్యించుకున్నాను, నాకు టీ ఇచ్చినవాడితో సహా.

వచ్చేటప్పుడు తలా ఒక దిండు ఇచ్చారు. మీ కేంద్రం ముద్ర వేసిన కొత్త దిండు. ముఖం దిండులో కూరుకుని పోయినవాళ్ళ గురించి గంటసేపు చెప్పి చేతికి దిండు ఇచ్చారు. ఇచ్చినమ్మాయి నవ్వింది కూడా. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకోలేక కాళ్ళ దగ్గర పడేశాను.

మంచం వెనక్కి జరపబోతే ప్లీడరు ఒప్పుకోవడం లేదు. కారణం చెప్పమంటుంది. కారణం ఏమని చెప్పను? మీ దగ్గర దాని పేరు మీద, ప్రమాదం ఎంతో చెప్పే ఒక అంకె ఉంటుందట, మీటింగులోనే చెప్పారు. అది ఎంతో రాయి. నువ్వు నాకు ఒక జవాబు బాకీ ఉన్నావు. రాసి పెట్టుకున్నాను.

అక్క

*

సెప్టెంబరు 24

అక్కకు,

నువ్వు తిట్టినవన్నీ తీసుకున్నాను. పక్క అన్నచోట మంచం అని రాయవలసింది. మంచి అన్నచోట ఏం రాయవలసిందో ఇప్పటికీ తెలియడం లేదు. ఆ గదిలో మేమందరం అలాగే అంటాం. రికార్డు తేటగా ఉండి, ఫిట్స్ తర్వాత ఊపిరి ఆగడం, మొదలవడం స్పష్టంగా కనిపిస్తే మంచి కేసు. నీకు రాసేటప్పుడు కూడా నాకు ఆ గది మాటే వచ్చింది. దానికి వేరే అర్థం ఉంటుందని తట్టలేదు.

అంకె చెప్పలేను. ఉద్యోగం పోతుందని మాత్రమే కాదు. ఆ అంకె ఇంకా నమ్మదగ్గది కాదు. ఎక్కువ వచ్చినవాళ్ళు చాలామంది ముసలివాళ్ళయ్యేదాకా బతకవచ్చు. తక్కువ వచ్చినవాళ్ళు పోయారు, నేను చూశాను. అది సరైనదో కాదో తేలాలంటే ఎవరికీ చెప్పకూడదు. చెబితే గదిలో మనిషిని పెట్టుకుంటారు. మనిషి ఉంటే బతుకుతారు. బతికితే మా అంచనా తప్పిందో, ఆ మనిషి కాపాడాడో మాకు తెలియదు.

ఇది రాసి చాలాసేపు దీన్నే చూస్తూ కూర్చున్నాను. కొట్టేద్దామనుకుని, నువ్వు చూడాలని ఉంచాను.

ఎవరికైనా చెప్పదగ్గవి ఇవి: రాత్రి గదిలో ఒకరు ఉండాలి. మందు ఒక్క పూట కూడా తప్పకూడదు. ఫిట్స్ ఆగగానే పక్కకు తిప్పాలి, పిలవాలి, కదపాలి. ఇవి చెయ్యి. అంకె మాత్రం అడక్కు.

తమ్ముడు

*

అక్టోబరు 5

తమ్ముడికి,

అంతా బయటపడింది. ఆ దిండు అటక మీద పడేశాను. ప్లీడరు ఏదో వెతుకుతూ దించి, ముద్ర చూసి, ఎక్కడిదని అడిగింది. నేను అల్లిన అబద్ధం మొదటి వాయిదాకే కొట్టుకుపోయింది. నీ ఉత్తరాలు తెచ్చి ముందు పెట్టాను. నేను రాసినవి నీ దగ్గర ఉన్నాయి గాని, చిత్తుప్రతులు నా దగ్గరే ఉన్నాయి. అవీ పెట్టాను.

అలవాటు ఊరుకోదు కదా, ఎర్ర పెన్సిలు పట్టుకుని చదివింది. నీవి రెండుచోట్ల ఒత్తులు దిద్దింది. పక్క అన్న మాట దగ్గర సున్న చుట్టి, “మావయ్య రాసిందీ తప్పు కాదు, నువ్వు చదివిందీ తప్పు కాదు. ఇలాంటివే ప్రెస్సులో మమ్మల్ని చంపుతాయి” అంది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. తర్వాత పేజీలన్నీ మళ్ళీ తిరగేసి సున్నలు చుట్టుకుంటూ పోయింది. ఏమిటవని మీ బావ అడిగారు.

“నేను. అది, దానికి, దాని సంగతి, దాని పరుపు. అన్నీ నేనే. వాళ్ళు కేసు అన్నారని అమ్మకు వాంతి అయింది. మీరందరూ నన్ను ఏమంటున్నారో చూడండి.”

“ముద్దుకి అంటాం తల్లీ” అన్నారు మీ బావ.

“ముద్దుకే నాన్నా. కుర్చీని కూడా మీరు అదే అంటారు.”

పెన్సిలు బల్ల మీద పెట్టింది. నన్ను ఉద్దేశించి, మామూలు గొంతుతోనే, “అంకె వాళ్ళు నీకు బాకీ లేరమ్మా. నాకు బాకీ. అడగాల్సింది నేను” అంది.

మర్నాడు సెలవు పెట్టి మీ దగ్గరికి ఒక్కతే వచ్చింది. నిన్ను కలవకుండా నేరుగా పైవాళ్ళ దగ్గరికి వెళ్ళానని చెప్పింది, నీకు ఇబ్బంది అవుతుందని. మీ పెద్ద డాక్టరు కుదరదన్నారట. చేరినప్పుడు తను సంతకం పెట్టిన కాగితాలు ముందు పెట్టుకుని చదివితే, పరిశోధన నుంచి తప్పుకున్నవాళ్ళు తమ రికార్డూ దాని ఫలితమూ అడిగి తీసుకోవచ్చని ఒకచోట ఉందట. ఆ వాక్యంలో అచ్చుతప్పు కూడా ఉందట. తప్పుకుంటున్నానని అక్కడే సంతకం పెట్టి, ఫలితం ఇమ్మని అర్జీ రాసి ఇచ్చింది.

తీసుకున్నవన్నీ చెరిపేయమనకపోయావా అన్నాను నేను. చెరిపేయమనలేదట. “రేపు ఇంకెవరికైనా ముందే తెలియాలి కదా. ఉండనీ” అంది. నాకైతే ఒక్క గీత కూడా వాళ్ళ దగ్గర ఉండటం ఇష్టం లేదు. ఆ హాలూ, ఆ పళ్ళెం గుర్తొచ్చి ఒళ్ళంతా కడుక్కోవాలనిపిస్తుంది. కానీ నా ఇష్టం ఎవరూ అడగలేదు.

యంత్రం విప్పడానికి మీ కుర్రాళ్ళు వచ్చారు. ఈసారి బూట్లు బయట విప్పారు.

అక్క

*

అక్టోబరు 20

అక్కకు,

మా పెద్ద డాక్టరు పొద్దున గదిలోకి వచ్చి, “ఒక మంచి కేసు పోయింది” అన్నారు. నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడ అయ్యో అని, ఏ రాత్రి అని అడిగింది. “పోలేదు, మానేసింది” అన్నారు. రెండింటికీ ఆయన ముఖం ఒకేలా ఉంది. ఆయన చెడ్డవాడు కాడు అక్కా. పోయినవాళ్ళ ఇళ్ళకు స్వయంగా వెళతారు. అయినా ఆ క్షణంలో నా కుర్చీ, ఆ తెర, నా చేతులు అన్నీ నాకు వెగటు పుట్టించాయి. మనం అలా అనడం మానేద్దామండీ అన్నాను. “మరేమందాం?” అని అడిగారు, నిజంగానే. 

ప్లీడరు అడిగిన తన కాగితాలు సిద్ధం చేసే పని నాకే ఇచ్చారు. ఊపిరి గీతలు, అంకె, ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో, ఎంతవరకు కూడదో, నాకు తెలిసినంత సూటిగా రాశాను. ఈసారి రెండర్థాలొచ్చే మాట ఒక్కటి కూడా లేకుండా చూసుకున్నాను. కవరు తన పేరు మీద పంపుతున్నాను.

నువ్వు విప్పకు.

తమ్ముడు

*

అక్టోబరు 29

తమ్ముడికి,

కవరు మంగళవారం వచ్చింది. బల్ల మీద పెట్టి, చుట్టూ దుమ్ము తుడిచాను. దాన్ని కదపలేదు. మీ బావ ఒకసారి వెలుతురుకు ఎత్తి చూడబోతే చేతి మీద కొట్టాను.

ప్లీడరు పని నుంచి వచ్చి, సంచీ భుజాన ఉండగానే గుమ్మంలో నిలబడి చదివింది. నేను కత్తిపీట ముందు కూర్చుని తనవైపు చూడలేదు. మడిచి సంచీలో పెట్టుకుంది. ముఖం కడుక్కుంది. ఆకలేస్తోందంది. తింటూ ప్రెస్సులో ఎవరో పెళ్ళిపత్రికలో వరుడి పేరుకు బదులు ఆయన తండ్రి పేరు అచ్చు వేశారని చెప్పి నవ్వించింది. మీ బావ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, కారం ఎక్కువైందన్నారు.

తిన్నాక లేచి, “నాన్నా, అటు పట్టుకో” అని ముందుగదిలోంచి నా మంచం ఎత్తించింది. తన గదిలో కిటికీ కింద వేయించింది. తన మంచం మీద వెల్లకిలా పడుకుని, చెయ్యి చాపి నా మంచం పట్టె అందుతోందో లేదో చూసుకుంది. అందలేదు. లేచి కాస్త జరిపింది. మళ్ళీ పడుకుని చాపింది. ఈసారి వేళ్ళు తగిలాయి.

“ఇక్కడ. ఊరికే వీపు మీద చెయ్యి వెయ్యకూడదు. ఫిట్స్ వస్తే మాత్రం వెయ్యి” అంది.

సరేనన్నాను. కాగితంలో ఏముందని నేను అడగలేదు, తను చెప్పలేదు.

నాకు రోత పోలేదు. మంచి అన్న ఆ మాట ఎవరు దేని గురించి అన్నా ఇప్పుడు నోరు చేదవుతుంది. మొన్న కూరగాయలవాడు మంచి సరుకమ్మా అంటే సంచీ మూసుకుని వచ్చేశాను. నీ మీద కోపం కూడా పూర్తిగా పోలేదు. నువ్వూ మరదలూ వస్తే వండి పెడతాను, తిడతాను.

నీ పేరు మీద రాసుకున్న జవాబు బాకీ, అది ముట్టవలసిన మనిషికి ముట్టింది. చెల్లు.

అక్క